కంప్యూటరు కొంటున్నారా? పెట్టె అందం చూసి మోసపోకండి!

ఫ్రిజ్ కొనాలంటే నాలుగు షాపులు తిరిగి, తలుపు తీసి, అరలు లెక్కపెట్టి గానీ బేరం చెయ్యం మనం. అదే కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి "అవన్నీ మీకు తెలియవులెండి" అనగానే నోరు మూసుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను. 2020లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం ఒక షాపులో మొత్తం సెట్టు కొన్నాం. అద్దాల పెట్టె, లోపల రంగురంగుల లైట్లు, చూడ్డానికి దసరా పందిరిలా ఉండేది! ఏడాదిన్నర తిరక్కుండా ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. పెట్టెలోంచి మాడు వాసన. హార్డ్‌డిస్కుతో సహా అన్నీ పోయాయి. మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు.

విప్పి చూసిన మెకానిక్కు తప్పంతా ఎస్.ఎం.పి.ఎస్.దే అన్నాడు. గోడలోంచి వచ్చే కరెంటును తగ్గించి, లోపలి భాగాలన్నిటికీ సర్దేది అదే. మన గ్యాసు సిలిండరుకి రెగ్యులేటరు ఎలాగో, కంప్యూటరుకి అది అలాగ. చవక పెట్టెలతో పాటు వచ్చేవి చాలావరకు నాసిరకం. అందుకని పెట్టె వేరుగా, ఎస్.ఎం.పి.ఎస్. వేరుగా అడగండి. ఆటల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టని ఇంటికి, పేరున్న కంపెనీది 450 వాట్లది సరిపోతుంది. లైట్ల డబ్బు దీని మీద పెట్టండి. గోడ ప్లగ్గుకి ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోవడం కూడా మరిచిపోవద్దు.

ఇక ప్రాసెసరు. "ఐ5 మేడమ్, ఫస్టుక్లాసు" అంటాడు షాపతను. మురిసిపోకండి! నగ మీద ముద్ర చూసినట్టు, ఐ5 తర్వాత ఉన్న అంకె చూడండి. ఐ5-6500 అంటే ఆరో తరం, ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, ఐ3-12100 అంటే పన్నెండో తరం. ఆఫీసుల్లో వాడి తీసేసినవి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు లాంటి కంప్యూటరు బజార్లలో చవగ్గా దొరుకుతాయి. కొనడం తప్పేం కాదు. కానీ విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఏమో, ఏవో ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ వాటిని ఒప్పుకోదు. చవక కదా అని ఆరో తరం తెచ్చుకుంటే తర్వాత తల పట్టుకోవాలి.

ఇంకో తిరకాసు. ఇంటెల్ అంకె చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. తెర మీద బొమ్మ రావాలంటే వేరే కార్డు కొనాలి. అప్పుడు తగ్గిన డబ్బుకి రెట్టింపు వదులుతుంది. ఏఎండీ వాళ్ళ రైజెన్ 5600జి లాంటి వాటిలో ఆ జి ఉంటే గ్రాఫిక్స్ ఉన్నట్టే.

ర్యామ్ 8 జీబీకి తక్కువ వద్దు. 2025 చివర్లో వీటి ధరలు చుక్కలనంటాయి కాబట్టి, ఇప్పటికి ఒకటే వేయించుకుని, పక్క గాడి ఖాళీగా ఉంచమనండి. పాత రకం హార్డ్‌డిస్కు బదులు ఎస్సెస్‌డీ అడగండి. కంప్యూటరు ఆన్ చేసి కాఫీ కలుపుకొచ్చే పని ఉండదు.

"విండోస్, ఆఫీసు ఫ్రీగా వేసిస్తాం" అనే మాట దగ్గర మాత్రం ఆగండి. అది దొంగ కాపీ. దాన్ని నడిపించడానికి వేసే 'క్రాకు' లోంచే వైరస్‌లు దూరతాయి. గ్యాసు బుకింగూ, బ్యాంకు పాస్‌వర్డులూ అన్నీ ఆ పెట్టెలోనే కదండీ! నిజంగా ఉచితమైనవి వేరే ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పుడున్నది లైనక్స్ మింట్, దాని మీద లిబ్రె ఆఫీస్. పిల్లల వర్డ్ ఫైళ్ళు తెరుచుకుంటాయి, అక్కడక్కడా పేరాలు అటూ ఇటూ అవుతాయి, అంతే. తెలుగుకి మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ అక్షరాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మొదటి వారం మా అబ్బాయి సణిగాడు, తర్వాత మరిచిపోయాడు. ఇంట్లో ఎవరైనా ట్యాలీ నేర్చుకుంటుంటే మాత్రం విండోస్ కావాలి. ఆ లైసెన్సు ఖర్చు మొదటే లెక్కలో కలుపుకోండి.

బిల్లు మీద "కంప్యూటరు సెట్టు ఒకటి" అని రాసిస్తే తీసుకోకండి. ఒక్కో భాగం పేరూ, సీరియల్ నంబరూ విడిగా రాయించండి. వారంటీ దగ్గర షాపులవాళ్ళు పట్టుకునేది వాటినే.

ఫొటోలు ఒక్కచోటే ఉంచకండి. నేనొక బయటి డిస్కు కొన్నాను. నెలనెలా చీటీ కట్టే రోజున అన్నీ అందులోకి ఎక్కించి, బీరువాలో పట్టుచీరల కింద పెడుతున్నా. షష్టిపూర్తివి మా చెల్లెలి పాత ఫోనులో 11 దొరికాయి. ముందు ఎక్కించింది అవే.