సిగ్విన్
సిగ్విన్ అనేది యునిక్స్ ఆదేశాలను విండోస్‌లోనే వాడుకొనుటకు ఉపకరించే ఉచిత సాఫ్ట్‌వేరు. దీనిని 1995లో అమెరికాకు చెందిన సిగ్నస్ సొల్యూషన్స్ సంస్థలో ప్రారంభించారు. ఉన్న విండోస్‌ను తొలగించకుండానే విద్యార్థులు గ్రెప్, సార్ట్, ఆక్ వంటి ఆదేశాలను దీనితో అభ్యసించవచ్చు.

లినక్స్ ప్రోగ్రాములు ఇందులో యథాతథంగా నడుస్తాయని చాలామంది పొరబడతారు. నిజానికి వాటి సోర్సుకోడును సిగ్విన్ కొరకు తిరిగి కంపైలు చేయవలెను. అట్లు తయారైన ప్రోగ్రాము యునిక్స్ పద్ధతిలో చేసే అభ్యర్థనలను సిగ్విన్ లైబ్రరీ విండోస్ పద్ధతిలోకి మార్చి అందిస్తుంది. దుబాసీ పని వంటిదే ఇది. యునిక్స్‌లోని ఫోర్క్‌కు విండోస్‌లో సరియైన సమానం లేనందున స్క్రిప్టులు కొంత మందకొడిగా సాగుతాయి.

తెలుగువారికి ముఖ్యమైనది 2009 డిసెంబరులో వెలువడిన 1.7 వెర్షను. యూనికోడ్ మద్దతు లభించినందున తెలుగు లిపిలో పేర్లున్న ఫైళ్ళను సైతం ఆదేశాలతో వెదకుట దీనితో సాధ్యమైంది.

హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్, 2016లో విండోస్ 10కు డబ్ల్యు.ఎస్.ఎల్. అనే ఏర్పాటును జతచేసింది. లినక్స్ ప్రోగ్రాములు అందులో మళ్ళీ కంపైలు చేయకుండానే నడుస్తాయి.