ఇంటి తీగ - ఇల్లాలి లెక్క

మన పెద్దలు సంసారపు పద్దు వ్రాయునపుడు బియ్యము, పప్పు, పాలు, దీపపు నూనె అని వరుసగా నుంచెడివారు. నేడా వరుసలో గ్యాసు బండ, కరెంటు బిల్లు, వాని ప్రక్కనే ఇంటర్‌నెట్టు రుసుమును వచ్చి చేరినది. ఇది విలాసమే గాని అవసరము కాదని తలంచువారు మనలో నింకను గలరు. నేనును కొంతకాల మట్లే తలంచితిని. నా తలంపు మారుటకు మా వీధిలో జరిగిన యొక చిన్న సంగతి కారణము.

2023వ సంవత్సరమున ఇంజనీరింగు ప్రవేశముల వేళ ఒకనాటి రాత్రి, బట్టలు ఇస్త్రీ చేసి జీవించు నొక యింటి పిల్ల మా యరుగుమీదికి వచ్చి నిలుచున్నది. కన్నీరు పెట్టుకొనుటయే గాని మాట పెగలలేదు. తుద కిట్లనెను: "అమ్మగారూ! కాలేజీల పేర్లు పెట్టే గడువు ఇవాళ్టితో అయిపోయిందండి. నాన్న ఫోను తీసుకొని లారీమీద పోయాడండి. ఇప్పుడే వచ్చాడు." పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకొన్న పిల్ల. మొదటి విడత యట్లు జారిపోయినది. రెండవ విడతలో మా యింటి నెట్టుతోనే ఐచ్ఛికములు పెట్టినది గాని, అప్పటికి దగ్గరి కాలేజీలో స్థానములు నిండినవి. రోజునకు రెండు బస్సులు మారవలసిన కాలేజీ దక్కినది.

ఆ రాత్రి నాకు బోధపడిన దేమనగా, ఫోను మనిషి వెంట పోవును; తీగ ఇంటిలో నుండును. మా వారు బడిపంతులు. 2020 మార్చిలో బడులు మూతపడినపుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు వచ్చెడివి. మా వారును ఫోనుద్వారా పాఠములు పంపెడివారు. పంపిన పాఠము తండ్రి జేబులో పడి పొలమునకో అంగడికో పోయెడిది. సాయంకాల మతడు వచ్చునప్పటికి పిల్ల అంట్లు తోముచుండును, లేదా ఫోనులోని నాటి మోతాదు ఖర్చయిపోయి యుండును. జాతీయ కుటుంబారోగ్య సర్వే 2019-21 లెక్కలు చూడుడు: ఎప్పుడైనను ఇంటర్‌నెట్టు వాడినవారు మన దేశమున పురుషులలో నూటికి 57 మంది, స్త్రీలలో 33 మంది. ఆంధ్రప్రదేశమున పురుషులలో 49 మంది కాగా స్త్రీలలో 21 మందియే. మనము అక్షరము రానివారమై యిట్లుండలేదు. పరికరము మన చేతిలో లేక యిట్లున్నాము.

ఇక లెక్కకు వత్తము. లెక్క అనగానే పత్రిక మూయవలదు. పాలవాని లెక్కకంటె నిది కష్టము గాదు.

ఫోను రీఛార్జి నెలకని మన మనుకొందుము. చాలవరకది 28 దినములకు. కనుక ఏడాదికి పండ్రెండు గాక పదుమూడు మారులు చెల్లింతుము. ఈ చమత్కారమును గూర్చి మొరలు రాగా, ప్రతి కంపెనీయు 30 దినముల పథకము నొక్కటైనను ఉంచవలెనని టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2022 జనవరిలో ఆదేశించినది. అడిగినవారికే యది దొరకును. 2024 జులైలో ధరలు పెరిగినపుడు దినమునకు ఒకటిన్నర జీబీ నిచ్చు పథకమొకటి 239 రూపాయలనుండి 299 అయినది. ఆ ధరను బట్టి ఒక ఫోనుకు ఏటికి 3,887 రూపాయలు. ఇంట మూడు ఫోనులున్నచో 11,661. పేదయిల్లు దీనిని చిల్లరగా చెల్లించుచున్నది గనుక మొత్తము కంటబడదు.

తీగద్వారా వచ్చు నెట్టు, 2020 సెప్టెంబరునుండి నెలకు 399 రూపాయల పథకములు వచ్చినవి. దానిపై నూటికి 18 వంతున పన్ను గలదు. ప్రకటనలో పెద్ద అక్షరములలో నుండునది పన్ను లేని ధర. పన్నుతో 471 రూపాయలు, ఏటికి 5,650. మరి ఫోనులమాట యేమి? 2024 డిసెంబరులో ట్రాయ్ మరియొక మంచిపని చేసినది. నెట్టుతో పనిలేనివారికై మాటలకు, సందేశములకు మాత్రమే యుపయోగపడు రీఛార్జి ప్రతి కంపెనీ యమ్మవలెనని శాసించినది. 2025 జనవరిలో నట్టిది 84 దినములకు 448 రూపాయలకు వచ్చినది. ఏటికి ఇంచుమించు 1,950. మూడు ఫోనుల కట్టి రీఛార్జి, దానికితోడు ఇంటి తీగ, కలిపి చూచితిని: 11,500. మునుపటి ఖర్చుతో సరితూగినది! అంతే సొమ్ముతో ఇల్లంతయు, పగలెల్ల, కొలత తరిగిపోవునను బెంగ లేక వాడుకొనవచ్చును. సిమ్ము లేని పాత ఫోనైనను వైఫైతో పనిచేయును గనుక పిల్ల కొక పాత ఫోను చాలును. బయట తిరుగు మగవారి కీ యేర్పాటు రుచింపదని నే నెరుగుదును. మా వారికే రుచింపలేదు. ఇంట నొక్క ఫోనే యున్నచో తీగ పెట్టించుట దండుగ యగునని కూడ చెప్పవలెను.

ఈ లెక్క కుదిరినను నెలకు 471 రూపాయలు ఒక్కమారుగా చెల్లింపలేని యిండ్లు కోకొల్లలు. ప్రభుత్వోద్యోగులకు, పింఛనుదారులకు ప్రభుత్వ టెలిఫోను సంస్థ రుసుములో కొంత తగ్గింపు నిచ్చినది. ఏడాది సొమ్ము ముందు చెల్లించినవారికి కంపెనీలు నెల దినము లధికముగ నిచ్చును. అనగా జీతము వచ్చు మా యింటికి తగ్గింపు, ఇస్త్రీ చేయు నామె యింటికి పూర్తి ధర! గ్రామములలో నెలరుసుములో సగము, 200 రూపాయలు మించకుండ, చందాదారుల ఖాతాకు తిరిగి యిచ్చు పథకము నొకదానిని ప్రయోగముగా జరుపవలెనని ట్రాయ్ 2021 ఆగస్టులో సిఫారసు చేసినది. అట్టి సాయమే నేటి తగ్గింపులకంటె న్యాయమైనదని నా యభిప్రాయము.

ప్రభుత్వములు చేసిన ప్రయత్నములు లేకపోలేదు. మన ఆంధ్రప్రదేశమున కరెంటు స్తంభములమీదుగా తీగ లాగి, ఖర్చు తగ్గించి, నెలకు 149 రూపాయలకు నెట్టు, టెలివిజను, టెలిఫోను కలిపి యిచ్చు ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిరి. ఆ ధర తరువాత నిలువలేదు. కేరళమువారు 2023 జూన్ 5న కె-ఫోన్ అను పథకమును ప్రారంభించి, ఇరువది లక్షల పేద కుటుంబములకు ఉచితముగ నీయ సంకల్పించి, మొదట శాసనసభ నియోజకవర్గమునకు నూరేసి యిండ్ల చొప్పున 14,000 ఇండ్ల నెన్నుకొనిరి. అమెరికాలో 2021 తుదినుండి పేద కుటుంబములకు నెలకు 30 డాలర్ల సాయ మిచ్చిరి. రెండుకోట్ల ముప్పది లక్షల కుటుంబములు చేరినవి. కేటాయించిన నిధి తరిగిపోగా 2024 జూన్ 1న నది యాగిపోయినది. అచ్చటి పేదయిల్లాలును మరునాడు మనవలెనే పద్దు పుస్తకము ముందువేసికొని కూర్చున్నది గాబోలు!

ఆడుపిల్లకు నెట్టేల యనువారికి మరియొక సంగతి. కేరళమున నొక కాలేజీ బాలికల వసతిగృహములో సాయంవేళ ఫోను వాడరాదని నియమము పెట్టి, ఒప్పుకొనని విద్యార్థినిని వెళ్లగొట్టిరి. ఆమె హైకోర్టు కెక్కినది. ఇంటర్‌నెట్టు పొందు హక్కు విద్యాహక్కులో, వ్యక్తిగత గోప్యతా హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కోర్టు తీర్పు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకొనుమన్నది.

తీగ పెట్టించుకొనువారికి నా యనుభవమునుండి కొన్ని మాటలు. "30 మెగాబిట్ల వరకు" అన్నచో "వరకు" అనుమాట మరువవలదు, అది గరిష్ఠము. పెట్టెకు డిపాజిట్టెంత, తీగ లాగుటకు కూలియెంత అని ముందే యడుగుడు. కరెంటు పోయిన పెట్టె యాగును గనుక, పరీక్షల దినములలో చిన్న బ్యాటరీ యొకటి యున్న మేలు. దరఖాస్తులలో తండ్రి నంబరు గాక ఇంటనుండు తల్లి నంబరు వ్రాయింపుడు. రహస్య సంఖ్య వచ్చునది ఆ నంబరుకే. కనెక్షనుకూడ ఆమె పేరనే యుండనిండు.

మా వీధి పిల్ల తల్లి యట్లే చేసినది. పై లెక్క నామె ముందు వేసి చూపితిని. ఆమె నాకంటె త్వరగా కూడినది. ఇప్పుడు వారి యింట ఇస్త్రీబల్ల పైని గూటిలో ఆ పెట్టె వెలుగుచున్నది. తమ్ముడు దానిముందే పదవతరగతి చదువుచున్నాడు. డిపాజిట్టు రసీదు నామె పోపులడబ్బాలో దాచినది. మా యింట మొదటిమారు పెట్టినవాడు రెండువేలు పుచ్చుకొని రసీదీయలేదు, మేమును అడుగలేదు. ఆ రెండువేలు నేటికిని రాలేదు.