కరకర నూనెలో లేదు, తడి ఆరడంలో ఉంది
వేడి గాలితో వేపుడు చేసే యంత్రం – కొనేముందు, వాడేముందు తెలుసుకోవలసినవి

ఏలూరు: బెండకాయ వేపుడు కరకరలాడాలంటే మూకుడులో నూనె ధారాళంగా పోయాల్సిందేనన్న నమ్మకం మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఉంది. ఎయిర్ ఫ్రయర్ అనే యంత్రం ఇప్పుడు అదే పనిని రెండు చెంచాల నూనెతో చేసి చూపుతోంది. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకొనే పిల్లలు పండక్కి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చి తల్లుల చేతిలో పెడుతున్నారు. కొన్ని ఇళ్లలో అది రోజూ పనిచేస్తోంది. మరికొన్ని ఇళ్లలో నాలుగు రోజులు వాడి, కాయ వేగలేదు, ఉడికినట్టయిందని అటక ఎక్కిస్తున్నారు. వేలు పోసి కొన్న వస్తువు అటక ఎక్కడానికి చాలాసార్లు కారణం ఒక్కటే. కాయ ఎందుకు కరకరలాడుతుందో తెలియకపోవడమే.

నూనె లెక్క

నూనె మన జిల్లాకు కొత్త సంగతి కాదు. జంగారెడ్డిగూడెం, చింతలపూడి, కామవరపుకోట ప్రాంతాల్లో ఆయిల్‌పామ్ తోటలు కళ్లెదుటే ఉన్నాయి. పెదవేగిలో 1995లో ఏర్పడిన పరిశోధన కేంద్రం ఈ పంట కోసమే పనిచేస్తోంది. అయినా మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి రావలసిందే. అందువల్ల ఎక్కడ ఏం జరిగినా దెబ్బ మన వంటింటికి తగులుతోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గింది. అదే ఏడాది ఏప్రిల్ చివర ఇండొనేషియా పామాయిల్ ఎగుమతులు కొన్ని వారాలు ఆపేసింది. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచింది. ప్రతిసారీ నూనె ప్యాకెట్టు ధర పెరిగింది.

ఖర్చు ఒక ఎత్తు అయితే ఆరోగ్యం మరొక ఎత్తు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూత్రాలను సవరించి ప్రకటించింది. రోజుకు రెండు వేల కేలరీల ఆహారం తీసుకొనే మనిషికి నూనె, నెయ్యి వగైరా అన్నీ కలిపి 27 గ్రాములు చాలునని అందులో ఉంది. అంటే సుమారు ఆరు చిన్న చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు అవుతుంది. పోపు, పచ్చడి, అట్లు, పిండివంటలు అన్నీ అందులోనే సరిపెట్టాలి. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు కోస్తున్నారో లెక్క చూసుకుంటే సంగతి తెలిసిపోతుంది.

వేపగా మిగిలిన నూనెతో వచ్చే చిక్కు వేరు. దాన్ని మళ్లీ మళ్లీ కాచి వేపుళ్లకు వాడితే అందులో హాని చేసే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడరాదని ఆహార భద్రత సంస్థ 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. హోటలులో నూనెను పరీక్షించడానికి అధికారి వస్తాడు. ఇంట్లో పరీక్షించుకోవలసింది ఇల్లాలే. ఒకసారి వేపిన నూనెను వడగట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడేయాలని, తిరిగి వేపుడుకు పెట్టరాదని పోషకాహార సంస్థ చెబుతోంది.

యంత్రంలో జరిగేదేమిటి?

ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఈ యంత్రాన్ని జనం ముందు పెట్టింది. ఇప్పుడు ఎన్నో సంస్థలు తయారుచేస్తున్నాయి. లోపల మర్మం ఏమీ లేదు. పైన ఒక వేడి తీగ, దాని పక్కన ఒక ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. ఫ్యాను వేడి గాలిని బుట్ట చుట్టూ వడిగా తిప్పుతుంది. ఎండాకాలపు వడగాలికి తడిబట్ట ఎలా ఆరుతుందో, కాయ ముక్క మీది తడి అలా ఆరుతుంది.

బెండకాయలో నూటికి 90 పాళ్లు నీరే. కాకర, దొండల్లో అంతకంటె కొంచెం ఎక్కువే. కాగిన నూనెలో ముక్క వేయగానే బుడబుడమని బుడగలు వచ్చేది ఈ నీరు ఆవిరై పోతున్నందువల్లనే. నీరు పోయిన పైపొర గట్టిపడి కరకరలాడుతుంది. నూనె చేసే పని వేడిని ముక్కకు త్వరగా అందించడం, కొంత రుచి ఇవ్వడం. తడిని తీసే దారి మరొకటి ఉంటే అంత నూనె అక్కరలేదు. మిద్దెల మీద ఎండబెట్టే కాకర ఒరుగులు, చల్ల మిరపకాయలు ఈ సూత్రం మీద తయారయ్యేవే. సూర్యుడు రోజుల తరబడి చేసే పనిని యంత్రం పావుగంటలో చేస్తుంది.

బుట్టలో వేసే ముందు

కాయలను కడగడం కోయకముందే జరగాలి. కడిగి, పొడిబట్టతో తుడిచి, ఫ్యాను కింద పావుగంట ఆరబెట్టాలి. బెండకాయను కోశాక నీళ్లు తగిలితే జిగురు సాగుతుంది. కాకరకాయ చేదు పోవడానికి ఉప్పు రాసి అరగంట ఉంచినట్లయితే, గట్టిగా పిండి, బట్ట మీద పరచి తడి ఆర్చాలి. గోరుచిక్కుడు పీచు కాయ గనుక ముందు ఒక ఉడుకు పట్టించి, నీళ్లు వార్చి, ఆరాకే వేయాలి.

పావుకిలో ముక్కలకు రెండు చిన్న చెంచాల నూనె వేసి చేత్తో బాగా పట్టించాలి. నూనె అసలే వేయకపోతే ముక్క వేగదు, ఎండిపోతుంది. మరింత కరకర కావాలంటే ఒక చెంచా బియ్యప్పిండి గాని, శనగపిండి గాని పొడిగా చల్లవచ్చు. బెండ, దొండకాయలకు ఉప్పు ముందుగా వేయరాదు. ఉప్పు తగిలితే కాయ నీరు ఊరుతుంది. కారం, వెల్లుల్లి కారం కూడా దించాకే కలపాలి. ముందే వేస్తే మాడి ఘాటెక్కుతుంది.

అన్నిటికంటె ముఖ్యం, బుట్టను నింపరాదు. ముక్కలు ఒకే వరుసగా పరచుకోవాలి. గుట్టగా పోస్తే పై ముక్కలు మాడతాయి. కింది ముక్కలు వాటి ఆవిరిలో అవే ఉడుకుతాయి. అటకెక్కిన యంత్రాల్లో చాలావాటికి పట్టిన గతి ఇదే. మామూలు సైజు బుట్టలో ఒక విడతకు పావుకిలోకు మించి వేయకపోవడం మంచిది.

ఏ కాయకు ఎంతసేపు?

యంత్రాన్ని మూడు నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వాలి. బెండకాయ చక్రాలకు 180 డిగ్రీల వద్ద 12 నుంచి 15 నిమిషాలు చాలు. దొండకాయను నిలువుగా నాలుగు చీలికలు చేస్తే 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. పలుచని కాకర చక్రాలను 170 డిగ్రీల వద్ద 15 నుంచి 18 నిమిషాలు ఉంచాలి. మధ్యలో రెండుసార్లు బుట్ట లాగి కుదపాలి. యంత్రానికీ యంత్రానికీ తేడా ఉంటుంది గనుక మొదటి రెండుసార్లు దగ్గరుండి చూసుకోవాలి. నల్లగా మాడిన ముక్కలను ఏరి పారేయడం ఆరోగ్యానికి మేలు.

కొన్ని వంటలకు ఇది పనికిరాదు. జారుగా కలిపిన పకోడీ, బజ్జీ పిండి చిల్లుల్లోంచి కారిపోతుంది. కరివేపాకు వంటి తేలిక ఆకులు గాలికి ఎగిరి వేడి తీగకు అంటుకొని మాడతాయి. ఆకుల మీద చిన్న జల్లెడ మూత పెడితేనే కదలకుండా ఉంటాయి.

కరెంటు సంగతి

చాలా యంత్రాలు 1400 వాట్ల దాకా లాగుతాయి. పావుగంట వాడితే మూడో వంతు యూనిట్టు ఖర్చు. బిల్లు భయం పెద్దగా లేదు. చూసుకోవలసింది ప్లగ్గు. ఫ్యాన్లకు వాడే చిన్న ప్లగ్గులో పెడితే అది వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. ఎర్తింగు సరిగా ఉన్న 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోనే పెట్టాలి. మామూలు ఇన్వర్టరు దీన్ని మోయలేదు.

లో ఓల్టేజి మరో సమస్య. 230 ఓల్టులు రావలసిన చోట 190 మాత్రమే వస్తే వేడి మూడింట ఒక వంతు తగ్గుతుంది. సాయంత్రం వేళ వేపుడు మెత్తగా వస్తే తప్పు మీ చేతిది కాకపోవచ్చు. ఓల్టేజి బాగున్న పూట వండుకోవాలి.

యంత్రం లేనివారికి

ఎనిమిది మంది తినే ఇంటికి పావుకిలో చొప్పున నాలుగు విడతలు వేపుతూ కూర్చోవడం అయ్యే పని కాదు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి, గుండె జబ్బు, షుగరు ఉన్నవారికి వేరుగా వండవలసిన ఇంటికి ఈ యంత్రం అక్కరకొస్తుంది. మిగిలినవారు మూడు నాలుగు వేలు పెట్టి కొనవలసిన అగత్యం లేదు. సూత్రం తెలిస్తే ఇనుప మూకుడు చాలు.

కోసిన ముక్కలను చేటలో పరచి అరగంట ఎండలో ఉంచాలి. వెడల్పాటి మూకుడు బాగా కాలాక రెండు మూడు చెంచాల నూనె వేసి, ముక్కలను పలుచగా పరచాలి. మూత పెట్టరాదు. మూత పెడితే పోయే ఆవిరి తిరిగి ముక్క మీదే పడుతుంది. మంట తగ్గించి, అట్లకాడతో అప్పుడప్పుడు మాత్రమే కదపాలి. ఉప్పు, కారం చివరనే వేయాలి. పావుగంట పట్టేది అరగంట పట్టవచ్చు, అంతే తేడా.

నూనె వాడకం పది శాతం తగ్గించండని 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ఆకాశవాణిలో దేశ ప్రజలను కోరారు. పది శాతమంటే నెలకు నాలుగు ప్యాకెట్లు వాడే ఇంట్లో అర ప్యాకెట్టుకు లోపే. వారానికి రెండు వేపుళ్లను ఈ పద్ధతికి మార్చుకుంటే అంతకంటె ఎక్కువే మిగలవచ్చు. యంత్రం ఉన్నా, మూకుడు ఉన్నా, కాయను తుడిచి ఆరబెట్టే ఆ పావుగంట ఓపికే నూనె ఆదా చేసేది.