పిల్లల చేతివంట

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు ఈ పత్రికలో నెలనెలా వ్రాయుచునే యున్నాము. ఈ మాసమున పొయ్యిని గూర్చి వ్రాయదలచినాము. పొలమున పండిన ధాన్యము తుదకు చేరు చోటు పొయ్యియే గనుక, ఇది రైతుల పత్రికకు తగని విషయమని సభ్యులెవరును అనుకొనరని నమ్ముచున్నాము. అందునను పెద్దల వంట కాదు. పది పండ్రెండేండ్ల పిల్లలు, తమ యిండ్లలో తాత ముత్తాతల నాటినుండి వచ్చుచున్న వంటకములను తమ చేతులతోనే వండి, తోడిపిల్లలకు పెట్టుటను గూర్చి.

ఇది నేడు పుట్టిన వేడుక కాదు. గుజ్జనగూళ్లు అను మాట మన భాషలో చాల పాతది. ఆడుపిల్లలు చిన్న చిన్న పాత్రలలో వండి యాడుకొను ఆటకు ఆ పేరు. పోతన భాగవతమున దశమస్కంధములో రుక్మిణి బాల్యమును చెప్పినచోట, ఆమె గుజ్జనగూళ్లు వండించి చెలికత్తెలకు పెట్టించిన సంగతి కలదు. రాచబిడ్డకు సైతము చెలులకు వండిపెట్టుట తగిన యాటయే యని ఆ కవి తలంపు కాబోలు.

పండుగలలోను ఈ యాచారమే కనబడును. తెలంగాణమున బతుకమ్మ తొమ్మిది దినములలో ఐదవనాడు అట్ల బతుకమ్మ. కడపటి దినము సద్దుల బతుకమ్మ. ఆనాడు చెరువుగట్టున పెరుగన్నము, పులిహోర, నువ్వులపొడి, రొట్టెను బెల్లముతో నలిపి చేసిన మలీద ముద్దలు ఒకరికొకరు పంచుకొందురు. కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. కన్నెపిల్లలు తెల్లవారక మునుపే లేచి చద్దియన్నము తిని, ఉయ్యాల లూగి, సాయంకాలము గౌరికి అట్లు నివేదించి వాయనములిత్తురు. సద్దుల బతుకమ్మకును అట్లతద్దికిని నడుమ సుమారు పది దినములే. వారి పండుగలోను అట్టే, వీరి పండుగలోను అట్టే. ఐనను ఒకే యూరిలో నుండియు ఒకరి యట్టు రుచి యొకరెరుగక రెండు మూడు తరములు గడపిన గ్రామములు నిజామాబాదు జిల్లాలో కలవు. దీనికి కారణము కొంత వివరింపవలసియున్నది.

మంజీరానదిపై నిజాంసాగరము కట్టుట 1931లో ముగిసినది. కాలువలు పారసాగిన పిదప గుంటూరు, కృష్ణా జిల్లాలనుండి రైతులు కుటుంబములతో వచ్చి యిచట భూములు కొని వ్యవసాయము నారంభించిరి. ఆనాడు వారు విడిచివచ్చినది మదరాసు రాజధాని, వచ్చి చేరినది నైజాము రాజ్యము. వారు పాకలు వేసికొన్న చోట్లకు క్యాంపులని పేరు వచ్చినది. పాకలు పోయి డాబాలు లేచినను ఆ పేరు పోలేదు. ఊరివారును క్యాంపువారును ఒకే కాలువనీటితో పంట పండింతురు, ఒకే సంఘములో ఎరువు కొందురు, ఒకే బడికి పిల్లలను పంపుదురు. కాని ఒకరి వంటయింటిలో మరియొకరు అడుగిడుట అరుదు. పిల్లలలో నొకరి మాటను మరియొకరు వెక్కిరించుటయు కలదు.

బోధను ప్రాంతమున అట్టి గ్రామమొకదానిలో గత కార్తికమాసమున ఒక ఆదివారమునాడు, కాలువగట్టునకు దగ్గరనున్న తోటలో ఉసిరిచెట్టు క్రింద ఇరువదిరెండుగురు పిల్లలు వంట చేసిరి. మేమును పోయి చూచితిమి. బడిలోని యుపాధ్యాయురాలును సంఘ కార్యదర్శియును కలిసి మూడు నియమములు పెట్టిరి. మొదటిది, ప్రతి పిల్లయు తన యింట అవ్వయో, నాయనమ్మయో, అమ్మమ్మయో చేయు వంటకమునే చేయవలెను. అంగడినుండి పొట్లములు తేరాదు. రెండవది, వండువారికి సహాయము చేయువారు వేరొక యింటివారై యుండవలెను. మూడవది, పెద్దలు ప్రక్కన కూర్చుండవలెను గాని గరిటె పట్టరాదు; పొయ్యి ముట్టించుటయు, కాగిన పాత్రను దించుటయు మాత్రము వారి పని. మగపిల్లలకు మినహాయింపు లేదు. ఇది కొందరు తండ్రులకు నచ్చలేదు. పొరుగూళ్లలో చెరకు నరుకుటకు పోయినపుడు తమ కూడు తామే వండుకొను మగవారు, కొడుకు గరిటె పట్టినచో మొగము చిట్లించుట మాకు వింతగానే తోచినది.

సర్వపిండిని చేసినది ఊరిలోని ఏడవ తరగతి బాలిక. సర్వ యనగా గుండ్రని అడుగుగల పాత్ర. ఇది ఎరుగనివారికొరకు విధానము చెప్పుచున్నాము. అరకిలో బియ్యపుపిండిలో నానబెట్టిన సెనగపప్పు, పలుకులుగా దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, తరిగిన ఉల్లి, ఉప్పు, కారము వేసి నీటితో గట్టిగా కలుపవలెను. పాత్ర లోపల నూనె రాచి, ముద్దను అడుగునను అంచులకును పలుచగా ఒత్తి, వ్రేలితో అక్కడక్కడ రంధ్రములు చేసి వానిలో నూనెబొట్లు విడువవలెను. మూతపెట్టి సన్నని మంటపై నుంచినచో అడుగు ఎర్రగా వేగి, పైభాగము ఆవిరికి ఉడుకును. తిరుగవేయ నక్కరలేదు.

ఆ బాలికకు సహాయకుడు క్యాంపులోని బాలుడు. మొదటి పిండి దిగగానే రెండవ ముద్దను వేడి పాత్రలోనే ఒత్తబోయెను. ఆ పిల్ల వాని చేయి పట్టి లాగి, పాత్రను బోర్లించి వెలుపలి వైపున చెంబెడు నీళ్లు పోసినది. పాత్ర చల్లబడనిదే ముద్ద అంటుకొనదు, చేయి కాలును. ఈ సంగతి ఆమెకు ఎవరును పాఠముగా చెప్పినది కాదు. అవ్వ ప్రక్కన కూర్చుండి చూచినది, అంతే. వంట తెలిసిన చేతిప్రక్క పిల్ల కూర్చుండు రోజులు తక్కువగుచున్నవని ఉపాధ్యాయురాలు మాతో ననినది. అది నిజము. మన యిండ్లలో చదువుకొను పిల్లను వంటయింటిలోనికి రానీయకుండుట ప్రేమగా నెంచుచున్నాము.

కొలతల విషయమున నొక తమాషా జరిగినది. ఉపాధ్యాయురాలు పిల్లలను వంటకముల కొలతలు వ్రాసికొనుమనెను. పల్లీలెన్ని యని మనుమరాలడుగగా అవ్వ, ‘‘పిడికెడు పోస్తే అయిపాయె, దానికి లెక్కేంది బిడ్డా?’’ అనినది. పిల్ల ఊరకుండలేదు. ‘‘పిడికెడు నా చేతిలో పొయ్యి అవ్వా’’ యని సంఘమునుండి తెచ్చిన చిన్న త్రాసుమీద వేసినది. 42 గ్రాములు. మరల పోయించినది. 44 గ్రాములు. మూడవమారు 42. కార్యదర్శి నవ్వి, మన గోదాములోని కాటాకంటె ఈ చేయి నయమనెను. నాయనమ్మల తరములో గిద్దె, సోల, తవ్వ, మానిక యని కొలిచెడివారు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని క్యాంపులోని ముసలమ్మ ఒకతె గడగడ చెప్పినది. ఆ పేర్లే ఊరివారికిని తెలియును గాని కొలత ప్రాంతమును బట్టి మారును. అందుచేత పిల్లలు అన్నిటిని గ్రాములలోనికి మార్చి వ్రాసికొనిరి. పిడికిలితో పోవలసిన విద్య కాగితముమీదికి వచ్చినది.

క్యాంపువారి దిబ్బరొట్టె యంత సుఖముగా జరుగలేదు. గ్లాసు మినపప్పును నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపురవ్వ కలిపి, జీలకర్ర, ఉప్పు వేసి, మందమైన ఇనుపమూకుడులో నూనెపోసి జానెడు దిబ్బగా వేయుదురని వినికిడి; నిజమునకు రెండంగుళముల మందమైన చాలును. సన్నని సెగపై మూతపెట్టి ఓపికతో నుండుటయే దీనిలోని కిటుకు. ఓపిక పదేండ్ల బాలునికి ఎక్కడిది? నాలుగుమారులు మూతతీసి చూచినాడు. అంచులు కరకరలాడినవి, నడుమ పచ్చిగా నుండెను. వాని స్నేహితులు అంచులన్నియు విరుచుకొని తిని, నడిమి భాగమును మరల మూకుడులో పెట్టుమనిరి. రెండవ రొట్టె చక్కగా కుదిరినది.

ఇక ఆకుకూర యొద్ద తగవు. క్యాంపు బాలిక గోంగూర యనినది. ఊరి బాలిక పుంటికూర యనినది. రెండు కట్టలు ప్రక్కప్రక్కన పెట్టి చూచిన గాని అది ఒకే మొక్కయని నమ్మలేదు. అంతట పిల్లలు తమకు తామే యిట్టి మాటల పట్టిక కూర్చిరి. మక్కలు, మొక్కజొన్నలు, పల్లీలు, వేరుసెనగలు. అనంతపురమునుండి బదిలీపై వచ్చిన యుద్యోగి కుమారుడు తాను బుడ్డలందుననెను. వాడు చేసిన సంగటికి రాగిపిండి యనగా, ఊరివారు తైదలనిరి. వెక్కిరింతగా మొదలైన మాట పందెముగా మారి, ఎవరికెక్కువ పేర్లు తెలియునని లెక్కించుకొనిరి. ఒక పూట ఆటలో వెక్కిరింత పోవునని మేమనము గాని, పుంటికూర అన్నమాటకు ఆ సాయంకాల మెవరును నవ్వలేదు.

అన్నిటికంటె మమ్మాలోచింపజేసినది జొన్నరొట్టె. తండాలోని బాలుడు దానిని బాటి యనెను. వేడినీటితో పిండి పిసికి, చేతితో తట్టి, పెనముపై వేసి, పైన తడిచేత రాచి తిరుగవేసెను. ఒక్క రొట్టెయు విరుగలేదు. పిండి పాతదైనచో విరుగునని, నిన్ననే విసరించినామని వాని తల్లి చెప్పినది. జొన్నలెక్కడివని యడిగితిమి. బోధను అంగడిలో కొన్నామనినది. రైతుల గ్రామమున, రొట్టెకు జొన్నలు అంగడినుండి వచ్చినవి! మన జిల్లాలో జొన్న పండక కాదు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో ఎర్రజొన్న విస్తారముగా పండింతురు. కాని అది పశుగ్రాసపు విత్తనముగా ఉత్తరదేశమునకు పోవును, మన పెనము మీదికి రాదు. కాలువక్రింద వరియు చెరకును వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట పేదయింటికిని వరియన్నము దొరికినది. అది మేలే, ఆకలి తీరినది. కాని దానితో తెల్లజొన్న చేనునుండి తొలగినది, పిమ్మట పెనమునుండి, పిమ్మట పిల్లల నోటినుండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించినపుడు గోడలమీద చిత్రములు వేసినారు. చిత్రము చూచి ఎవడును జొన్న వేయడు. ఇంటిలో రొట్టె యడుగువాడున్నపుడు వేయును. ఆనాడు ఆ బాలుడు చేసిన పదునెనిమిది రొట్టెలను తొక్కుతో తిన్న పిల్లలు ఇంకను కావలెననిరి. వారిలో సగముమంది అంతకు మునుపు జొన్నరొట్టె నెరుగరు.

లోపములును చెప్పవలెను. ఇద్దరు పిల్లలను వారి పెద్దలు ఇంటినుండి తెచ్చిన డబ్బాలోని యన్నమే తినవలెనని పంపిరి. ఎవరి చేతివంటయో తినరాదని వారి పట్టుదల. అందొకడు దూరముగా కూర్చుండి తన డబ్బాను ముట్టక ఉసిరికాయలు కొరుకుచుండెను. మేము వాని నేమియు ననలేదు. వాడు మగ్గిన సర్వపిండి వాసన వచ్చువైపు మాటిమాటికి చూచుచుండెను. సంఘమున అందరి వాటాధనము ఒకే పెట్టెలో పడుచుండగా, పంక్తిలో ఈ పట్టుదల యెందుకో పెద్దలే యోచింపవలెను.

ఇట్టి వంట చేయదలచిన సంఘములకు కొన్ని మాటలు. పొయ్యిలు గాలికి ఎదురుగా తవ్వరాదు. పిల్లలు నూలుబట్టలే కట్టవలెను, ఓణీలు, జడలు బిగించుకొనవలెను. ప్రతి పొయ్యి ప్రక్కను నీళ్లబిందెయు ఇసుకయు నుండవలెను. కాగిన నూనెలో వేయించు వంటకములను చిన్నపిల్లలకు అప్పగింపరాదు. అందుచేతనే సకినాలను ఈసారి మానిపించిరి. ధాన్యము, పిండి, కూర ఎవరి యిండ్లనుండి వారు తెచ్చుకొనిరి. సంఘమునకైన వ్యయము నూనెకు, బెల్లమునకు, కట్టెలకు కలిసి 640 రూపాయలు. దీనిని పిల్లలే పద్దు వ్రాసి కార్యదర్శిచేత సంతకము చేయించిరి. ఒక బాలుడు మిగిలిన పావుకిలో బెల్లమును జమకట్టుట మరచెనని మరియొక బాలిక దిద్దించినది.

ఆ తరువాత జరిగిన పాలకవర్గ సమావేశమున పిల్లల కాగితమొకటి చదువబడినది. రొట్టెకు తెల్లజొన్నలు మన యూరిలోనే కావలెనని వారి కోరిక. కొంత నవ్వును కొంత చర్చయు జరిగెను. వరికోత యైన మెట్టచెలకలో తలా పది గుంటలు వేయుదుమని ఇరువురు సభ్యులు ఒప్పుకొనిరి. ఒకరు ఊరివారు, ఒకరు క్యాంపువారు. ఎకరమునకు నాలుగు కిలోల చొప్పున ఇద్దరికిని కలిసి రెండు కిలోల విత్తనము చాలును. వచ్చు యాసంగికి మాల్దండి రకపు విత్తనము తెప్పించుటకు కార్యదర్శి వ్రాసియున్నారు. పిట్టలబాధ యెక్కువగా నుండును గావున కాపలాకు సెలవుదినములలో తాము వత్తుమని పిల్లలు చెప్పియున్నారు.