కళ్ళజోడు ఇచ్చారు సరే, రెటీనా చూశారా?

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అటు దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు ఊళ్ళ దాకా షుగర్ ఉన్నవాళ్ళ నోట ఒక మాట స్థిరపడిపోయింది: "కంటి వెలుగులో చూపించుకున్నాం, అద్దాలు ఇచ్చారు, కళ్ళకేం భయం లేదు." ఇందులో మొదటి రెండు ముక్కలూ నిజమే, మూడోదే చూపు తీస్తోంది. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమమైన కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది, దాని తొలి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలోనే ప్రారంభమైంది. సూదిలో దారం ఎక్కించలేక, మందు చీటీ చదవలేక అవస్థపడుతున్న లక్షల మందికి ఆ శిబిరాలు చేసిన మేలు చిన్నది కాదు. అయితే రోజుకు వంద మందికి పైగా చూడాల్సిన శిబిరం తేల్చేది ప్రధానంగా మూడు విషయాలు: చార్టు మీద ఏ వరుస దాకా చదవగలరు, ఏ నంబరు అద్దం కావాలి, శుక్లం ఉందా. షుగర్ దెబ్బతీసేది కంటి వెనక గోడకు అంటుకుని ఉన్న రెటీనాను. చార్టు చదివితే దాని సంగతి తెలియదు. పైగా ఆనాడు ఎవరైనా రెటీనా చూసి బాగుందని చెప్పినా, ఆ మాట ఒక్క ఏడాదికే చెల్లుతుంది.

"కనిపిస్తూనే ఉంది కదా, ఇంకా పరీక్షలెందుకు?" అనే ప్రశ్నకు రెటీనా నిర్మాణంలోనే జవాబు ఉంది. దానికి రక్తం తెచ్చే నాళాలు చేలోని పిల్లకాలువల కంటే సున్నితం. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే వాటి గట్లు బలహీనపడి ఊట కారతాయి, కొన్ని పూడిపోతాయి. రక్తం అందని చోట శరీరం కొత్త నాళాలను మొలిపిస్తుంది. అవి పెళుసైనవి. ఒకరోజు పగిలితే కంటి లోపల రక్తం నిండి చూపు ఒక్కసారిగా మసకబారుతుంది. అక్షరాలు చదివే పని రెటీనా నడిమధ్యనున్న చిన్న చోటుది. చుట్టుపక్కల ఎంత పాడైనా ఆ చోటుకు దెబ్బ తగిలేదాకా మనిషి చివరి వరుస వరకూ చదివేస్తాడు, నొప్పి కూడా ఉండదు. అందుకే చూపు బాగున్నప్పుడే వెళ్ళాలి. దేశవ్యాప్తంగా 2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో యాభై దాటిన మధుమేహుల్లో 16.9 శాతం మందికి ఈ మధుమేహ రెటీనా జబ్బు ఉందని తేలింది. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి. ఆ ఒకరు ఎవరో కళ్ళజోడు నంబరు చెప్పదు.

కళ్ళజోడు షాపుల ముందు "ఉచిత కంప్యూటర్ కంటి పరీక్ష" అని కనిపించే బోర్డులు ఈ అపోహకు మరింత బలమిస్తున్నాయి. ఆ కంప్యూటర్ చేసేది కంటిలోకి వెళ్ళిన వెలుతురు ఎలా వంగుతోందో కొలిచి నంబరు అంచనా వేయడం. రెటీనాలో రక్తపు మరకలున్నాయో లేదో అది చూడదు. ఇంగ్లండులో మధుమేహులకు కళ్ళజోడు పరీక్ష ఉచితమే, అయినా రెటీనా ఫొటో తీయడానికి 2003 నుంచి విడిగా ఒక జాతీయ కార్యక్రమం నడుపుతున్నారు. మొదటిది చేయించుకున్నా రెండోది మానొద్దని అక్కడి ప్రజలకు పదేపదే చెబుతారు. పనిచేసే వయసువాళ్ళలో అంధత్వానికి మొదటి కారణంగా యాభై ఏళ్ళు నిలిచిన మధుమేహ రెటీనా జబ్బు అక్కడ ఆ స్థానం నుంచి దిగిపోయిందని 2014లో వెలువడిన అధ్యయనం తెలిపింది. రెండు పరీక్షలూ ఒకటే అనుకోకపోవడం వల్ల వచ్చిన ఫలితంలో ఇదీ భాగమే.

"చర్ల నుంచి భద్రాచలం రావాలంటే ఒకరోజు కూలి పోతుంది" అనే అభ్యంతరం న్యాయమైనది. దీనికి జవాబు చెప్పాల్సింది రోగి కాదు, వ్యవస్థ. షుగర్ మాత్రలు ఇచ్చే చోటే రెటీనా ఫొటో తీసే కెమెరా ఉండాలి. చేత్తో పట్టుకుని తీసే కెమెరాలూ వచ్చాయి, ఫొటోను దూరాన ఉన్న డాక్టరు చూడగలడు. అది వచ్చేదాకా షుగర్ మందుల కోసం వెళ్ళే రోజునే కంటి పనీ కలుపుకోవాలి. "తెలిసినా చేసేదేముంది, లేజర్ చేస్తే ఉన్న చూపూ పోతుంది" అనే మాటను మాత్రం ఏమాత్రం సహించకూడదు. అమెరికాలో 1976లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, లేజర్ చేసిన కళ్ళలో చూపు తీవ్రంగా పోవడం సగానికి పైగా తగ్గింది. లేజర్ మిగిలిన చూపును కాపాడుతుంది, పోయినదాన్ని తేలేదు. చివరి దశలో వచ్చినవాళ్ళ చూపు పోతే ఆ నింద లేజర్ మీద పడింది. ఇక పరీక్షకు ముందు వేసే చుక్కలు కంటిపాపను పెద్దది చేసి నాలుగైదు గంటలు మసకగా ఉంచుతాయి, అంతే. తోడుగా ఒకరిని తీసుకెళ్ళాలి, ఆ పూట బండి నడపకూడదు.

మిగతా నమ్మకాలకు ఒక్కో మాట చాలు. పొన్నగంటి కూర మంచి ఆకుకూర, షుగర్ కంటికి మందు కాదు. కంట్లో ఆకు పసరు పిండితే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. శుక్లం ముదిరేదాకా ఆగనక్కర్లేదు, ముదిరిన శుక్లం వెనక రెటీనా డాక్టరుకు కూడా కనిపించదు.

ఒక్క నమ్మకంలో మాత్రం నిజం ఉందని ఒప్పుకోక తప్పదు: "ఇన్సులిన్ మొదలుపెట్టాక చూపు మసకబారింది." చక్కెర ఒక్కసారిగా తగ్గినప్పుడు కంటి కటకంలో నీరు మారి నంబరు కొన్ని వారాలు అటూ ఇటూ అవుతుంది. అప్పటికే రెటీనా పాడై ఉంటే అది కొన్నాళ్ళు ఇంకా ముదిరినట్టు కూడా పరిశోధనల్లో నమోదైంది. అయినా 1993లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినవాళ్ళలో ఈ జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. కాబట్టి ఇన్సులిన్ మానడం తప్పు, మొదలుపెట్టేటప్పుడు రెటీనా చూపించుకోకపోవడం ఇంకా పెద్ద తప్పు.

కళ్ళజోడు షాపును ఎంచుకునే తెలివి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. చక్కెర మూడు వందల్లో ఉన్నప్పుడు చేయించిన అద్దం అది తగ్గాక పనికిరాదు. మంచి షాపువాడు ముందు షుగర్ ఎంతుందో అడుగుతాడు, కొన్ని వారాలు ఆగమంటాడు. పరీక్ష చేసేది చదువుకున్న ఆప్టోమెట్రిస్టా, ఫ్రేములు అమ్మే కుర్రాడా అని అడగండి. నంబరు కాగితం మీద రాసిమ్మనండి, అద్దం అక్కడే కొనాలన్న షరతు ఒప్పుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఏ అద్దం పెట్టినా చివరి వరుస చదవలేకపోతే లోపం అద్దానిది కాకపోవచ్చు. ఆ సంగతి చెప్పి కంటి డాక్టరు దగ్గరికి పంపేవాడే నమ్మదగినవాడు, ఇంకో ఖరీదైన అద్దం చూపించేవాడు కాదు. పాల్వంచలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి కేంద్రం ఉంది. కొత్తగూడెం, ఖమ్మంలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎక్కడికి వెళ్ళినా "నాకు షుగర్ ఉంది, చుక్కలు వేసి రెటీనా చూడండి" అని నోరు తెరిచి అడగండి. చూసిన తేదీని మందుల పుస్తకంలో రాయించుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ తేదీయే మళ్ళీ పిలుస్తుంది.