బాగ్దాదు దొంగ - బేతాళుని ప్రశ్న

ఆపదలోనున్న కన్యను ముగ్గురు కలిసి రక్షించినచో ఆమె యెవ్వరికి చెందవలెనను ప్రశ్న బేతాళకథలు చదివినవారికి క్రొత్త కాదు. 11వ శతాబ్దినాటి సోమదేవుని కథాసరిత్సాగరమందలి సోమప్రభ కథ యిదియే. రాక్షసుడామెను ఎత్తుకొనిపోగా జ్ఞాని జాడ చెప్పెను. విజ్ఞాని ఆకాశరథము నిర్మించెను. శూరుడు రాక్షసుని చంపెను. ఆమె శూరునికే తగునని, తక్కిన యిద్దరు అతనికి సాధనమాత్రులని రాజు తీర్పు. మా బాల్యమున కోడుమూరులో పెద్దలు ఈ కథను తీర్పునకు ముందే ఆపివేసెడివారు. తెల్లవారువరకు పిల్లలము వాదులాడుకొనెడివారము.

ఈ ప్రశ్నకు దగ్గరి చుట్టమొకటి 1924లో అమెరికాలో మూకచిత్రముగా వెలువడినది. అదియే 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'. దర్శకుడు రౌల్ వాల్ష్. నిర్మాతయు, నాయకుడును డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్. వ్యయము పది లక్షల డాలర్లకు పైమాట. ఇందలి మూడు అద్భుతవస్తువుల వృత్తాంతమునకు మూలము అరేబియన్ రాత్రులలోని అహమ్మదు రాజకుమారుని కథ.

రాజపుత్రికను వరింపవచ్చినవారిలో అత్యంత దుర్లభమైన వస్తువు తెచ్చినవానికే ఆమె దక్కునని నిర్ణయము. ఒకడు స్ఫటికగోళమును, ఒకడు ఎగిరెడు తివాచీని, మంగోలు రాజకుమారుడు ప్రాణము పోయు బంగారు ఆపిలు పండును తెచ్చిరి. గోళమున ఆమె మరణావస్థ కనబడినది, తివాచీ వారిని చేర్చినది, పండు బ్రతికించినది. ఒకటి లేనిచో తక్కిన రెండును వ్యర్థములే. వివాదము తెగకముందే మంగోలు సేనలు నగరమును ఆక్రమించినవి. అప్పుడు దొంగ మాయపెట్టె మహిమతో సైన్యమును సృష్టించి నగరమును రక్షించెను.

ఇచ్చట గమనింపదగిన విశేషము వస్తువులు లభించిన తీరు. తివాచీని అంగడిలో కొన్నారు. గోళమును విగ్రహము కంటినుండి పెకలించుటకు ఎక్కిన సేవకుడు పడి మరణించెను. ప్రభువు క్రిందనే నిలిచియుండెను. దొంగ మాత్రము అగ్నిలోయను, సముద్రగర్భమును స్వయముగా దాటెను. బేతాళకథలో శూరుడు ముగ్గురిలో ఒకడు; ఇచ్చట ముగ్గురికిని వెలుపలివాడు. తీర్పు మాత్రమొక్కటియే.

కథకుడు 'వాడు శూరుడు' అని ఒక్కమాటతో ముగింపవచ్చును. మాటలేని చిత్రమునకు ఆ సౌకర్యము లేదు. శౌర్యము దేహమున కనబడవలెను. ఫెయిర్‌బ్యాంక్స్ జాడీనుండి జాడీకి దుముకుటయు, మాయత్రాటిపై ప్రాకుటయు కేవల వినోదములు కావు. ఆ దుముకులే కథలోని వాదము. విలియం కామెరాన్ మెంజీస్ కల్పించిన ఎత్తైన కట్టడములు ఆ దేహమునకు తగిన రంగస్థలము.

తెలుగున 'బాగ్దాద్ గజదొంగ' అను చిత్రము 1968లో వచ్చినది. కాని పేరు కలిసిన దానికన్న, 1951 నాటి 'పాతాళభైరవి'యే ఈ ప్రశ్నకు సన్నిహితమని మా అభిప్రాయము. దీని దర్శకుడు తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి. నాయకుడు తోటమాలి కుమారుడు. రాజకుమారికై సాహసము చేసి ప్రతిమను సంపాదించెను. ఇది ఆ మూకచిత్రముయొక్క అనుకరణమని మేము చెప్పము. కోరిక తీర్చు వస్తువులు ఉభయ సంప్రదాయముల సొత్తు. అయినను ప్రతిమ మాంత్రికుని చేతికి పోగానే రాజకుమారియు, భవనమును కూడ పోయినవి. అది ఎవని చేత నున్న వానికే పనిచేయును. రాముడు మరల తన కాళ్లపై, రిక్తహస్తములతో, బయలుదేరవలసి వచ్చినది.