రెక్కలు చూసి తీర్పు తీర్చొద్దు

పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ ఒక నల్లని సీతాకోకచిలుక తిరుగుతుంటుంది. ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనుక రెక్కల మీద ఎర్రని మచ్చలు. పుస్తకంలో బొమ్మతో పోల్చుకుని ‘క్రిమ్సన్ రోజ్’ అనేస్తాం. అక్కడే పొరబడతాం.

అది ‘కామన్ మార్మన్’ ఆడది కావచ్చు. మార్మన్ మగదానికి నల్లని వెనుక రెక్కల మీద తెల్ల మచ్చల వరుస ఒక్కటే ఉంటుంది. ఆడవాటిలో మూడు రూపాలున్నాయి. ఒకటి మగదానిలా, ఒకటి ‘కామన్ రోజ్’లా, మరొకటి క్రిమ్సన్ రోజ్‌లా ఉంటుంది. మరి ఎలా గుర్తుపట్టాలి? రెక్కల మీది నుంచి చూపు మళ్లించి ఒంటిని చూడాలి. రోజ్‌ల ఒళ్లు ఎర్రగా ఉంటుంది. మార్మన్‌ది నలుపే.

ఎందుకీ పోలిక? రోజ్‌ల గొంగళిపురుగులు ఈశ్వరి తీగ ఆకులు తింటాయి. ఆ ఆకుల్లోని విషం రెక్కలొచ్చాక కూడా వాటి ఒంట్లోనే ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. కరివేపాకు, నిమ్మాకు తిని పెరిగే మార్మన్‌లో ఆ విషం లేదు. పక్షి భయమే దానికి రక్షణ. ఇలాంటి అనుకరణను అమెజాన్ అడవుల సీతాకోకచిలుకల్లో గమనించి, 1862లో లోకానికి వివరించినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్.

మనమూ చాలాసార్లు ఆ పక్షిలాంటివాళ్లమే. ఒకరు అద్దె ఎగ్గొట్టి వెళ్లిపోతే ఆ ఊరివాళ్లెవరికీ ఇల్లు ఇవ్వం. పనిమనిషి ఒకామె చేతివాటం చూపిస్తే, తర్వాత వచ్చిన ఆమె సంచీ మీదే మన కన్ను. ఆమె ఏ పాపమూ ఎరుగదు. ఎవరో చేసిన గాయానికి ఆమె మూల్యం చెల్లిస్తుంది.

రూపం చూసి పొరబడటం ప్రవక్తకూ తప్పలేదు. యెష్షయి పెద్ద కొడుకు ఏలీయాబును చూడగానే, కాబోయే రాజు ఇతడేనని సమూయేలు అనుకున్నాడు. దేవుడు ఎన్నుకున్నది మాత్రం పొలంలో గొర్రెలు కాస్తున్న దావీదును.

ఎగిరే పక్షికి ఆగి చూసే తీరిక లేదు. మనకుంది. ఈ వారం మన గుమ్మం ముందుకొచ్చే కొత్త మనిషిని, పాత చేదును పక్కనపెట్టి, ఒక్క నిమిషం నిదానంగా చూద్దాం.